కొత్త 4 జీబీ ర్యామ్ ఒక సిస్టమ్‌లో పట్టి, ఇంకోదాంట్లో డిస్‌ప్లే రాకపోతే

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. దేవరకొండలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న తమ్ముడి దగ్గర రెండు పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి కోర్ 2 డ్యూయో, జీ41 బోర్డు. రెండోది రెండో తరం ఐ3, హెచ్61 బోర్డు. రెండింటిదీ డీడీఆర్3 ర్యామే, ఒక్కోదాంట్లో 2 జీబీ ఉంది. 4 జీబీ డీడీఆర్3 స్టిక్ కొత్తది కొని ఐ3లో పెడితే వెంటనే పట్టింది. అదే స్టిక్ కోర్ 2 డ్యూయోలో పెడితే డిస్‌ప్లే లేదు, బీప్ కొడుతూనే ఉంది. పాత 2 జీబీ తిరిగి పెడితే మామూలుగా ఆన్ అవుతోంది. చూపిస్తే షాపతను "బోర్డు పోయింది, సెట్టు మొత్తం మార్చాల్సిందే" అన్నాడట. "అన్నా, నిజమేనా? పాత సిస్టమ్‌కి ర్యామ్ కొనేటప్పుడు అసలు ఏం చూడాలి?" అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, నీ బోర్డు పోలేదు. కొత్త స్టిక్కూ బాగానే ఉంది. ఆ రెండింటికీ పొత్తు కుదరదు, అంతే. నల్లగొండలో ఈ పని చేస్తున్న నాకు ఈ కేసు కొత్త కాదు. మిర్యాలగూడ నుంచి, హాలియా నుంచి, అటు కల్వకుర్తి నుంచి కూడా "బోర్డు డెడ్" అని రాసిన చీటీతో జీ41 సిస్టమ్‌లు వస్తుంటాయి. వాటిలో చాలావాటి రోగం ఇదే.

అయినా నా మాట మీద వదిలేయకు. పాత 2 జీబీ స్టిక్‌ను ఒక స్లాట్‌లో పెట్టి ఆన్ చెయ్యి. తర్వాత పవర్ తీసి, అదే స్టిక్‌ను రెండో స్లాట్‌లోకి మార్చి మళ్ళీ ఆన్ చెయ్యి. రెండుసార్లూ డిస్‌ప్లే వస్తే స్లాట్లు రెండూ బాగున్నట్టే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బోర్డు పోయిందని ఎవరు చెప్పినా నమ్మకు.

ఇప్పుడు ఆ 4 జీబీ స్టిక్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడు. నల్లటి చదరపు చిప్‌లు ఎన్ని ఉన్నాయి? ఒకవైపే ఎనిమిది ఉండి, వెనకవైపు ఖాళీ పచ్చ బోర్డు కనిపిస్తోంది కదా? మనకు కావాల్సిన జవాబు అక్కడే ఉంది. ఎనిమిది చిప్‌లతో 4 జీబీ అయిందంటే ఒక్కో చిప్ 512 ఎంబీ, అంటే 4 గిగాబిట్‌లది (ఒక బైట్‌కు 8 బిట్‌లు). నీ బోర్డు మీది ప్రధాన చిప్, అంటే జీ41 చిప్‌సెట్, 2 గిగాబిట్ చిప్‌ల వరకే గుర్తుపడుతుంది. 2 గిగాబిట్ చిప్ అంటే 256 ఎంబీ. అలాంటివి ఎనిమిది కలిస్తే 2 జీబీ స్టిక్, అటు ఎనిమిది ఇటు ఎనిమిది మొత్తం పదహారు ఉంటే 4 జీబీ స్టిక్. కాబట్టి జీ41కి 4 జీబీ స్టిక్ పనికిరాదని కాదు, రెండువైపులా చిప్‌లున్న పాత రకం 4 జీబీ స్టిక్ అయితే పనికొస్తుంది. పైన స్టిక్కర్ మీద రెండింటికీ "4 జీబీ డీడీఆర్3" అనే ఉంటుంది, తేడా అంతా చిప్‌లలోనే.

ఇలా ఎందుకు చేశారని అడుగుతావేమో. ర్యామ్‌లో ఏ గడిలో ఏముందో వెతికి తెచ్చే పని మెమరీ కంట్రోలర్‌ది. కోర్ 2 డ్యూయో కాలంలో అది ప్రాసెసర్‌లో ఉండేది కాదు, బోర్డు మీదుండే నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉండేది. నీ బోర్డులో ఆ నార్త్‌బ్రిడ్జే జీ41. పాత పంచాయతీ రిజిస్టర్‌లో ఇంటి నంబరుకు మూడంకెల గడే గీశారనుకో, ఊరు పెరిగి వెయ్యో ఇల్లు కడితే ఆ నంబరు రాయడానికి గడి చాలదు. ఇక్కడా అంతే. 2 గిగాబిట్ చిప్‌లో వరుసలను చేరడానికి 15 అడ్రస్ బిట్‌లు సరిపోతాయి, 4 గిగాబిట్ చిప్‌కు 16 కావాలి. ఆ పదహారో బిట్‌ను జీ41 వాడదు. బయాస్, అంటే ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్, దాన్ని అప్‌డేట్ చేసినా ఇది మారదు, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, చిప్ కట్టుబడే అంత. యూట్యూబ్‌లో ఎవరో బయాస్ మార్చి పట్టించామంటే ఆ వెంట పడి టైం పాడుచేసుకోకు.

నీ ఐ3కి ఆ బాధ లేదు. రెండో తరం నుంచి కంట్రోలర్ 4 గిగాబిట్ చిప్‌లను గుర్తుపడుతుంది, అందుకే వెంటనే పట్టింది. అలాగని "ఐ3 అయితే చాలు" అనుకోవద్దు. మొదటి తరం ఐ3, అంటే 530, 540 లాంటివి, హెచ్55 బోర్డుల మీద వచ్చినవి, అవి కూడా జీ41 లాగే 2 గిగాబిట్ దగ్గరే ఆగిపోతాయి. పాత సిస్టమ్ అమ్మేవాళ్లు "ఐ3 సిస్టమ్ అన్నా" అని ఊరుకుంటారు, ఏ తరమో చెప్పరు. ప్రాసెసర్ నంబరు అడిగి తెలుసుకో. 2100, 2120 అని రెండుతో మొదలయ్యే నాలుగంకెలుంటే రెండో తరం, మూడంకెలే ఉంటే మొదటి తరం.

చిప్‌లు పదహారున్నాయి కదా అని కళ్లుమూసుకుని కొనడానికీ లేదు. మార్కెట్లో చవకగా దొరికే డీడీఆర్3 స్టిక్‌లలో "ఏఎండీకి మాత్రమే" అనే రకం ఒకటి ఉంది. ఏఎండీ అంటే ఇంటెల్ లాగే ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ. చూడ్డానికి అచ్చం మనకు కావాల్సినట్టే ఉంటుంది, రెండువైపులా చిప్‌లు, కొత్త ప్యాకింగ్, ధర కూడా తక్కువ. లోపల చిప్ కట్టుబడి వేరు. మామూలు డెస్క్‌టాప్ స్టిక్‌లో ఒక్కో చిప్ ఒకేసారి 8 బిట్‌లు ఇస్తుంది, ఇందులో 4 బిట్‌లే ఇస్తుంది. దాన్ని చదవాలంటే నిలువు వరుసల అడ్రస్‌కు ఒక బిట్ ఎక్కువ కావాలి. ఏఎం3 లాంటి కొన్ని ఏఎండీ ప్లాట్‌ఫాంలు దాన్ని ఒప్పుకుంటాయి, మన ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు ఒప్పుకోవు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పేరు కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చాలామంది ధర చూసి అది చదవరు.

అందుకే లెక్కపెట్టడంతో ఆగకుండా లేబుల్ చదవాలి. మంచి కంపెనీ స్టిక్ మీద "4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-10600యూ" లాంటి వరుస ఒకటి ఉంటుంది. అందులో 2ఆర్ అంటే చిప్‌లు రెండు జట్లుగా ఉన్నాయని, ఎక్స్8 అంటే ఒక్కో చిప్ 8 బిట్‌లదని. 4 జీబీ స్టిక్ మీద 2ఆర్ఎక్స్8 ఉంటే నీ జీ41కి సరైనది. 1ఆర్ఎక్స్8 ఉంటే నువ్వు కొన్న రకమే, ఐ3కి వాడుకో. ఎక్స్4 అని కనిపిస్తే డబ్బులు జేబులోనే ఉంచుకో. చివర్లో ఉండే అక్షరాన్నీ వదలొద్దు. యూ అంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఆర్ అంటే సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్. పాత సర్వర్లు విప్పినప్పుడు అవి కుప్పలుగా బయటికి వస్తాయి, అగ్గువకు అమ్ముతారు, మన బోర్డుల్లో ఒక్కటీ పనిచేయదు. ఒకవైపు ఎనిమిది బదులు తొమ్మిది చిప్‌లు కనిపించినా ఆ జాతిదేనని అనుమానించు.

లేబుల్ ఊడిపోయిందా, లేదా లోకల్ స్టిక్కర్ ఒకటి పైన అంటించి ఉందా? అప్పుడు చిప్ మీద అచ్చయిన నంబరు చూడాలి. అక్షరాలు సన్నగా ఉంటాయి, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి జూమ్ చేస్తే కనిపిస్తాయి. శాంసంగ్ చిప్ మీద కే4బీ2జీ0846 అని ఉంటే మధ్యలో ఉన్న 2జీ అంటే 2 గిగాబిట్, దాని వెనక 08 అంటే 8 బిట్‌ల చిప్. కే4బీ4జీ0846 అయితే 4 గిగాబిట్. అదే చోట 08 బదులు 04 ఉంటే ఏఎండీ రకం. హైనిక్స్‌ది హెచ్5టీక్యూ2జీ83 అంటే 2 గిగాబిట్, 8 బిట్‌లు. హెచ్5టీక్యూ4జీ83 అంటే 4 గిగాబిట్. హెచ్5టీక్యూ2జీ43 కనిపిస్తే అది 4 బిట్‌ల రకం. స్టిక్కర్ ఎవరైనా మార్చగలరు, చిప్ మీద నంబరు మార్చడం అంత తేలిక కాదు. పైన రంగురంగుల అల్యూమినియం రేకు తొడిగిన గేమింగ్ స్టిక్‌లలో ఇదేదీ కనబడదు. పాత బోర్డుకు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు నీ సెంటర్ సంగతి. నీకు వెంటనే ఖర్చు కూడా అక్కర్లేదు. కొత్త 4 జీబీ స్టిక్ ఐ3లోనే ఉండనివ్వు. ఐ3లో మొదట్నుంచీ ఉన్న 2 జీబీ స్టిక్ తీసి కోర్ 2 డ్యూయోలోని ఖాళీ స్లాట్‌లో పెట్టు. దాంతో కోర్ 2 డ్యూయోలో రెండు 2 జీబీలు కలిసి 4 జీబీ, ఐ3లో 4 జీబీ అవుతాయి. పెట్టేముందు ఆ 2 జీబీ స్టిక్ మీదా చిప్‌లు చూడు. ఎనిమిది ఉన్నా, పదహారు ఉన్నా సరే. నాలుగే పెద్ద చిప్‌లుంటే మాత్రం అవి ఒక్కోటి 4 గిగాబిట్‌లవి, జీ41 దాన్నీ పట్టదు. అలా ఉంటే దాన్ని ఐ3లోనే 4 జీబీ పక్కన పెట్టేయ్, 6 జీబీ అవుతుంది. జీ41 కోసం 2 జీబీ సెకండ్ హ్యాండ్ స్టిక్ ఒకటి వెతుక్కో, అది పెద్ద ధర ఉండదు.

ఆ తర్వాత డబ్బులు పెట్టాలనుకుంటే ఐ3 మీద పెట్టు. రెండో స్లాట్‌లో ఇంకో 4 జీబీ వేసి 8 జీబీ చెయ్యి. హెచ్61 బోర్డులకు సాధారణంగా రెండు స్లాట్లే ఉంటాయి, ఒక్కోదాంట్లో 8 జీబీ చొప్పున 16 వరకు పోవచ్చు. దరఖాస్తులు నింపే పనికి 16 దండగ. కోర్ 2 డ్యూయోను 8 జీబీ చేద్దామని పదహారు చిప్‌ల 4 జీబీ స్టిక్‌లు రెండు వెతికే పని మాత్రం పెట్టుకోకు. జీ41 ఎక్కువలో ఎక్కువ 8 జీబీ చూస్తుంది, నీ బోర్డు మాన్యువల్‌లో 4 అనే ఉంటే ఆ 4తోనే సరిపెట్టుకో. పైగా ఆ ప్రాసెసర్ ఇంకా ఎన్నాళ్లు లాగుతుంది?

అసలు ర్యామే తక్కువైందా అన్నది కూడా చూడాలి. సెంటర్‌లో జనం ఉన్న టైంలో, అంటే స్కాలర్‌షిప్ దరఖాస్తులో, ఎప్‌సెట్ కౌన్సెలింగో నడుస్తూ క్రోమ్‌లో అయిదారు ట్యాబ్‌లు, స్కానర్, పీడీఎఫ్‌లు తెరిచి ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. మెమరీ 85, 90 శాతం దాటి కూర్చుంటే ర్యామ్ కావాలి. మెమరీ 60 దగ్గరే ఉండి డిస్క్ 100 శాతం కొడుతుంటే నీ శత్రువు పాత హార్డ్ డిస్క్. 2 జీబీతో నడుస్తున్నప్పుడు రెండూ నిండే ఉంటాయి, ఎందుకంటే ర్యామ్ చాలక విండోస్ ఊరికే డిస్క్ మీదికి రాసుకుంటుంది. అందుకే ముందు ర్యామ్ 4కు చేర్చి, ఒక పూట పని చేశాక మళ్ళీ చూడమంటాను. అప్పటికీ డిస్క్ 100 దగ్గరే ఉంటే ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్, వెయ్యి. జీ41లోనూ, హెచ్61లోనూ డిస్క్ తగిలించడానికి ఉన్నది పాత సాటా 2 పోర్టే, సెకనుకు 300 ఎంబీకి మించి పోదు. అయినా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే నీకు కొత్త సిస్టమ్ కొన్నట్టే ఉంటుంది. 8 నుంచి 16కు ర్యామ్ పెంచే డబ్బులుంటే కళ్లుమూసుకుని ఎస్ఎస్‌డీకి పెట్టేయ్.

విండోస్ కూడా చూసుకో. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ వేసినా మూడు, మూడున్నర లోపే వాడుకుంటుంది, మిగతాది వృథా. కోర్ 2 డ్యూయో కూడా 64 బిట్ ప్రాసెసరే, 64 బిట్ విండోస్ వేయించుకోవచ్చు. అయితే పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేస్తూ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ పాత వెర్షన్లు వాడుతుంటే విండోస్ మార్చేముందు అవి 64 బిట్‌లో నడుస్తాయో లేదో చూసుకో, కీబోర్డు డ్రైవరు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. విండోస్ 7 హోమ్ బేసిక్ 64 బిట్ అయితే 8 జీబీ దాటి చూడదు. ఇంకా విండోస్ 7లోనే ఉన్నావంటే మాత్రం ర్యామ్ కంటే ముందు ఆ సంగతి తేల్చు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7కి కొత్త క్రోమ్ లేదు. ప్రభుత్వ పోర్టళ్లు, బ్యాంకు సైట్లు ఎక్కడికక్కడ ఆగిపోతే ర్యామ్‌ను తిట్టి లాభం లేదు.

స్పీడు గురించి నువ్వు అడగలేదు కానీ షాపుల్లో ముందు అదే మాట్లాడతారు. డీడీఆర్3లో 1066, 1333, 1600 అని దొరుకుతాయి. లేబుల్ మీద అవే పీసీ3-8500, పీసీ3-10600, పీసీ3-12800 అని ఉంటాయి. నీ రెండో తరం ఐ3 1333 దగ్గర ఆగుతుంది, జీ41 1066 దగ్గర. 1600 స్టిక్ పెట్టినా తగ్గించుకుని నడుస్తుంది, ఏమీ కాదు. రెండు వేర్వేరు స్పీడులవి పెడితే రెండూ నెమ్మదిదాని స్పీడుకే వస్తాయి. అంటే స్పీడు ఎక్కువైందని స్టిక్ పట్టకపోవడం అరుదు, స్పీడు ఎక్కువని రెండింతలు డబ్బులు ఇవ్వడమూ అనవసరం. సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 1333 ర్యామ్‌కు 667 అని చూపిస్తే కంగారుపడొద్దు, అది అసలు క్లాక్ చూపిస్తుంది, మనం చెప్పుకునేది దానికి రెట్టింపు.

రెండు ఒకే సైజు స్టిక్‌లు వేస్తే డ్యుయల్ ఛానల్ అవుతుంది, అంటే రెండూ జంటగా ఒకేసారి పనిచేస్తాయి. 1333 ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకు సుమారు 10.6 జీబీ దారి, జంట ఉంటే దానికి రెట్టింపు. బోర్డులో ఉన్న గ్రాఫిక్స్‌తో వీడియో, ఫొటోషాప్ లాంటి పనులకు కొంత తేడా తెలుస్తుంది, ఫారాలు నింపే పనికి తెలియదు. 4, 2 కలిపి వేసినా నీ ఐ3 బోర్డు పట్టుకుంటుంది, 4 జీబీని జంటగా, మిగతా 2 జీబీని ఒంటిగా వాడుకుంటుంది. కంపెనీలు వేరైనా పర్వాలేదు. "ఒకే కంపెనీవి కాకపోతే కాలిపోతాయి" అన్న మాట మా మార్కెట్లోనూ వింటుంటాను, అందులో నిజం లేదు. అరుదుగా జత కుదరక హ్యాంగ్ అవుతుంది, అప్పుడు మార్చుకుంటే సరి.

లేబుల్ మీద పీసీ3ఎల్ అని ఉంటే 1.35 వోల్టులది. 1.5 వోల్టుల పాత బోర్డుల్లోనూ అది నడిచేలాగే చేశారు, నీ రెండింట్లో వేసుకోవచ్చు. తిరగేసి మాత్రం చెయ్యొద్దు. ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చిన కొన్ని హెచ్110 బోర్డులకు డీడీఆర్3 స్లాట్లే ఉంటాయి, అవి 1.35 వోల్టుల కోసం చేసినవి. అందులో 1.5 వోల్టుల పాత స్టిక్ పెడితే ముందు నడిచినట్టే ఉన్నా ప్రాసెసర్ దెబ్బతినే ప్రమాదం ఉందని ఇంటెల్ చెప్పింది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 కాళ్లే, కానీ కింద గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకటి ఇంకోదాంట్లో దిగదు. దిగకపోతే నొక్కొద్దు. డీడీఆర్4కి 288 కాళ్లు. జీ31 బోర్డు అయితే డీడీఆర్2, మొత్తం 4 జీబీకి మించదు, రెండు 2 జీబీలు పెట్టి అక్కడితో ఆపండి. జీ41లో కొన్ని బోర్డులకు రెండు రకాల స్లాట్లూ ఉంటాయి, ఏదో ఒక రకమే వాడాలి, కలపకూడదు. నాలుగో తరం హెచ్81కి డీడీఆర్3 1600, 16 జీబీ వరకు. హెచ్310లో ఎక్కువగా డీడీఆర్4. పుస్తకమంత సైజులో ఉండే చిన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లకు, స్క్రీన్ వెనకే అంతా ఉండే ఆల్ ఇన్ వన్‌లకు లాప్‌టాప్ ర్యామ్ పడుతుంది. కొనడానికి ముందు మూత తీసి చూడండి. బోర్డు పేరు తెలియకపోతే సీపీయూ-జెడ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూడండి, పేరు లేని చైనా బోర్డయినా చిప్‌సెట్ అక్కడ కనబడుతుంది.

ఎక్కడ కొనాలంటే, నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో తెలిసిన షాపు ఉంటే ముందు అక్కడే అడుగు. ధర కొంచెం ఎక్కువైనా పట్టకపోతే తిరిగిచ్చే మాట తీసుకుని కొనొచ్చు. పాత డీడీఆర్3 ఎంచుకుని కొనాలంటే మాత్రం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేదే. దేవరకొండ బస్సులో ఎంజీబీఎస్ దిగి అక్కడికి పోయేముందు నీ పాత స్టిక్ లేబుల్, చిప్ నంబరు, బోర్డు పేరు ఫొటోలు ఫోన్లో పెట్టుకో. జీ41 లాంటి బోర్డుకు కొంటుంటే "డీడీఆర్3 4 జీబీ ఇవ్వండి" అని అడగొద్దు, "డీడీఆర్3 4 జీబీ, టూ ఆర్ బై ఎయిట్, ఇంటెల్ బోర్డుకు" అని అడుగు. అడిగే తీరులోనే నీకు తెలుసని వాళ్లకి అర్థమవుతుంది. వీలైతే ఫొటోలే కాదు, సీపీయూ డబ్బానే తీసుకుపోయి అక్కడే పెట్టించి చూడు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. వారంటీ స్టిక్కర్ గీకొద్దు, అది చిరిగితే మార్చి ఇవ్వరు. ర్యామ్ ధరలు ఈ మధ్య బాగా ఊగుతున్నాయి, అందుకే నేను రేటు చెప్పట్లేదు. రెండు మూడు షాపుల్లో అడిగి కొను.

పెట్టేటప్పుడు జాగ్రత్తలు పెద్దగా లేవు కానీ ఉన్నవి వదలొద్దు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ఒకసారి తాకు. స్టిక్ అంచుల్లో పట్టుకో, బంగారు రంగు కాళ్లను ముట్టకు. అవి నల్లబడి ఉంటే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపెయ్యి. స్లాట్‌లోకి నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల వేబ్రిడ్జి సిస్టమ్‌లు విప్పితే స్లాట్ గాడి నిండా సన్నటి తవుడు దుమ్ము గట్టిగా కూరుకుపోయి ఉంటుంది. దాని మీద స్టిక్ నొక్కితే సగమే దిగి బీప్ కొడుతుంది, "ర్యామ్ పోయింది" అంటారు. బ్లోయర్‌తో ఊది, పొడి మెత్తటి బ్రష్‌తో గాడి తుడిస్తే అదే ర్యామ్ నడుస్తుంది. నీ దగ్గర మిల్లు లేకపోయినా రోడ్డు మీది షాపు కదా, దుమ్ముకేం తక్కువ? రెండు చివరలా క్లిప్పులు టక్కుమని పడేదాకా సమానంగా నొక్కు. ఒక చివర పడి ఇంకో చివర లేచి ఉండగా ఆన్ చెయ్యొద్దు.

డిస్‌ప్లే వచ్చాక బయాస్‌లో మొత్తం ఎంతో చూడు. సరైన స్టిక్కే పెట్టినా రాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్ తీసి, కాసేపాగి పెట్టు. పాత సెట్టింగులు పోయి కొత్తగా గుర్తుపడుతుంది. ఆ సెల్ అయిపోయి ఉంటే మార్చేయ్, టైం, తేదీ తప్పుగా ఉంటే దరఖాస్తు సైట్లు కూడా తెరుచుకోవు. విండోస్‌లోకి వెళ్లాక 4 జీబీ వేస్తే 2 జీబీయే కనబడుతుంటే, ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ మెమరీ దగ్గర ఎవరైనా టిక్ పెట్టారేమో చూసి తీసెయ్యి. స్పీడ్ పెరుగుతుందని యూట్యూబ్ చూసి అది పెట్టేవాళ్లున్నారు.

సెకండ్ హ్యాండ్ స్టిక్ అయితే పరీక్ష చేయకుండా కస్టమర్ల పని మొదలుపెట్టకు. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేసి, రాత్రి షాపు మూసేటప్పుడు పెట్టి పో. పొద్దున కనీసం ఒక పూర్తి పాస్ అయి, ఎర్ర గీతలేమీ లేకపోతే చాలు. మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టు. ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చెయ్, "ఒక్కటే కదా" అనుకోకు. రైతు పాస్‌బుక్ పీడీఎఫ్ అప్‌లోడ్ అవుతుండగా సిస్టమ్ నీలం స్క్రీన్ కొట్టిందంటే ఆ తలనొప్పి నీదే.

ఎంతవరకు ఖర్చు పెట్టాలన్నది నువ్వు నిర్ణయించుకోవాలి, నా లెక్క మాత్రం ఇది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు, నీ రెండూ ఆ లిస్టులో లేవు. ఐ3లో ఎలాగోలా వేసేవాళ్లున్నారు కానీ కోర్ 2 డ్యూయోలో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి అదీ కుదరదు, దానికి కావాల్సిన ఆదేశాలు ఆ ప్రాసెసర్‌లోనే లేవు. కాబట్టి కోర్ 2 డ్యూయో మీద రూపాయి కూడా పెట్టకుండా, ఇంట్లో ఉన్న 2 జీబీతోనే 4 చేసి, ప్రింట్లకు, స్కానింగ్‌కు వాడుకో. ఐ3కి ఇంకో 4 జీబీ, ఒక 240 జీబీ ఎస్ఎస్‌డీ వేసి దరఖాస్తులన్నీ దాని మీద నడిపించు. ఆ పైన ఇంకా డబ్బులుంటే వాటిని వీటిలో పెట్టకు. ఎనిమిదో తరం వాడిన డెస్క్‌టాప్ ఒకటి చూసుకో, దానికి పట్టేది డీడీఆర్4, ఈ స్టిక్‌లేవీ అందులో దిగవు. అందుకని ఐ3కి కొనే రెండో 4 జీబీని కూడా సెకండ్ హ్యాండ్‌లోనే చూడు.